కారణం అనే గడి

చీమకుర్తి దాటాక, రామతీర్థం కొండ కనపడే మలుపులో
మా పాలిషింగు ఫ్యాక్టరీ.
ఇక్కడి నల్లరాయిలో చుక్కలుంటాయి,
కోసి నునుపు చేస్తే పట్టపగలే రాత్రి బయటపడుద్ది.
నా పని రాయితో కాదు, రిజిస్టరుతో.
తేదీ, బ్లాకు నంబరు, పలకలెన్ని, పగిలినవెన్ని,
చివర్న అంగుళం వెడల్పు గడి:
కారణం.

ఏసోబు పెదనాయన రంపానికి ఎక్కించే ముందు
ప్రతి బ్లాకునీ చిన్న సుత్తితో తట్టేవాడు.
జ్వరమొచ్చిన బిడ్డ రొమ్ముకి ఆనించినట్టు చెవి ఆనించేవాడు.
"ఇది గంట. ఎక్కించండి."
"ఇది కుండ. లోపల బీట ఉంది, పక్కకి తిప్పి కోయండి."
ఆ ఏడాది చివరి గడిలో నేను రాసింది తక్కువ.

శేషగిరి సారు వచ్చింది ఉగాది దాటాక.
వచ్చిన వారానికే యార్డులో అందర్నీ నిలబెట్టి
"రాయి మాట్లాడేది నీకు వినపడుద్దంట,
నేను మాట్లాడేది మాత్రం వినపడదేందిరా?"
అని సుత్తి లాక్కుని బురదగుంటలో పారేశాడు.
ముప్ఫైమందిమి నవ్వాం.
నవ్వకపోతే తర్వాతి వంతు మనదేనని
ముప్ఫైమందికీ ఒకేసారి తెలిసింది.
నేనూ నవ్వాను.
దానికి రిజిస్టరులో గడి లేదు.

మర్నాటి నుంచి ఏసోబు చేతులు రెండూ ఖాళీ.
బ్లాకు వస్తది, ఎక్కిస్తాడు.
తెలిసీ ఎక్కిస్తాడు.
రంపం దిగతా ఉంటే ఆయన మొహం చూస్తే చాలు,
ఎన్నో పలక దగ్గర విరుగుద్దో నాకు తెలిసిపోయేది.
ఒకసారి అడిగాను, చెప్పొచ్చు గదా అని.
"నోరు తెరిస్తే పోయేది నా పరువమ్మా,
మూసుకుంటే పోయేది వాళ్ల పలక" అన్నాడు.

మస్తాన్ వలీ ఒక బొమ్మ గీశాడు, సిమెంటు సంచి కాగితం మీద.
బురదనీళ్లు మూడు తొట్లలో తేర్చి
మళ్లీ రంపానికే పంపే ఉపాయం.
అప్పటికి రోజుకి ఆరు ట్యాంకర్లు కొంటన్నాం.
"సారుకి చూపిద్దామా అక్కా?"
"గమ్మునుండు అబ్బయ్యా" అన్నది నేనే.
ఆ కాగితం ఇప్పుడు అంకమ్మ సద్దిగిన్నె కింద ఉంది.
మూడో తొట్టి మీద గోంగూర నూనె మరక.

పగిలినవి పెరిగేసరికి కెమెరాలొచ్చినయ్.
కెమెరా కింద ఎవరూ ఖాళీగా ఉండరు.
ఇటు పలక అటు పెడతాం,
టీ తాగొచ్చి అటుది ఇటు పెడతాం.
తుడిచిందే తుడుస్తాం.
చూసేవాళ్లకి ఫ్యాక్టరీ చీమలపుట్ట.
కంటైనరు మాత్రం కృష్ణపట్నానికి సగం ఖాళీగా పోతంది.

మొన్న సారు బావమరిది పెళ్లికని కందుకూరు వెళ్లాడు, రెండు రోజులు.
మొదటి పూట ఎవరం గొంతెత్తలేదు,
అలవాటు తప్పి.
మధ్యాన్నం దాటాక ఎక్కడో
టక్.
రంపాలు ఆగలేదు గానీ మనుషులు ఆగారు.
ఏసోబు చేతిలో రెంచీ. చెవి రాయికి.
మళ్లీ టక్.
"కుండ" అన్నాడు, ఎవరితోనూ కాదు.
వలీ పరిగెత్తిపోయి క్రేను తిప్పాడు.

రెండు రోజులు పగిలినవి: సున్నా, సున్నా.
సున్నాని అంత గుండ్రంగా నేనెప్పుడూ రాయలేదు.

సారు వచ్చాడు. రిజిస్టరు తెరిచాడు.
సున్నాల మీద వేలు ఆగింది.
నాకు గొంతు దాకా వచ్చింది ఒక మాట.
"చూశారా, నేను తిట్టిన తిట్లు ఇప్పటికి ఎక్కినయ్.
ఇంకొంచెం బిగించాల."
అవతల ఏసోబు రెంచీని పెట్టెలో పెట్టి మూత వేశాడు,
చప్పుడు కాకుండా.

ఇయ్యాల పగిలినవి పదకొండు.
"కారణం ఏం రాయను సార్?"
"రాయి" అన్నాడు ఫోనులోంచి తల ఎత్తకుండా.
రాయమన్నాడో,
రాయిదే తప్పన్నాడో.
రాశాను.
రెండక్షరాలు.
అంగుళం గడిలో
ఇంకా బోలెడు చోటు మిగిలింది.