తొంభై దాటితే

డెబ్బై దాకా ఏం లేదు.
ఎనభైకి ఏదో ఉన్నట్టు, లేనట్టు.
తొంభై మీద ముల్లు పడంగనే
గొర్లకాడి పిలగాడు రెండేళ్లు మడిచి నోట్లె పెట్టుకున్నట్టు
ఒకటే ఈల.

నకిరేకల్ నుంచి పట్నం పోయేటప్పుడు గట్టిగ,
వచ్చేటప్పుడు సన్నగ.
ఆషాఢం కదా, పడమటి గాలి.
పోయేటప్పుడు దాని మొఖం మీదికి పోతం,
వచ్చేటప్పుడు అదే మనల్ని తోలుకొస్తది.
ఈ మాట జానయ్య చెప్పేదాంక నాకు తట్టలే.

షోరూంల పిలగాడు టై సర్దుకుంట
పాత బండికి ఇంతే సార్ అన్నడు.
రేడియో పెంచుకొమ్మన్నడు.

బైపాసు పక్కన రేకుల షెడ్డు జానయ్యది.
ఎడమ చెవి ఇనపడదు, లారీ టైరు పేలి పోయిందది.
ఉన్న ఒక్క చెవితోనే మండలంల బండ్ల రోగాలన్ని ఇంటడు.
ఎక్కి కూసుని, నడుపు అన్నడు.
కట్టంగూరు దిక్కు రోడ్డు ఖాళీ.
తొంభై. ఈల.
"క్లచ్చి తొక్కు."
తొక్కిన.
ఇంజను గొంతు పడిపోయింది, ఈల పడలే.
"ఇంజనుది కాదు. గాలికి యాడనో సందు దొరికింది."

తిరిగొచ్చి కాగితం టేపు తీసిండు,
పెయింటోళ్లు వాడే పసుపుది.
డోర్ల అంచులు, అద్దాల చుట్టు,
సైడు మిర్రర్ల మెడలు, ముందటద్దం బీడింగు.
పట్టీలు కట్టి దవాఖాన నుంచి తెచ్చిన మనిషి లెక్కయింది కారు.
డ్రైవరు డోరు ఒక్కటి వదిలిండు,
మనం ఎక్కొద్దా మరి, అని.

మళ్ల తొంభై.
ఈల లేదు.
ఆ లేకపోవుడు ఎంత పెద్దగుందో,
సీటు కింద ఎన్నడో పడ్డ రూపాయి బిళ్ల
దొర్లుడు ఇనపడ్డది.

ఇగ ఒక్కొక్క టేపు పీకుడు, ఒక్కొక్క తిరుగుడు.
మిర్రర్లు విప్పితె ఏం లేదు.
ముందటద్దం కాదు.
అయిదో తిరుగుడుకు డీజిలు ముల్లు కిందికి చూస్తుంది.
రోడ్డు పక్క మక్కకంకులు కాల్చే ఆమె
చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది,
వీళ్లకేమన్న అయిందా అన్నట్టు.

ఎడమ దిక్కు వెనక డోరు, పైమూల.
జానెడు టేపు.
అది పీకంగనే వచ్చింది, మా ఈల.

జానయ్య పది రూపాయల నోటు తీసి
డోరు సందుల పెట్టి మూసిండు. గుంజిండు.
కింద రాలే.
నడుమ రాలే, చినిగేటట్టున్నది.
పైమూలల
ఊగుతున్న పాలపన్ను లెక్క ఊడొచ్చింది.

"ఎవరో ఈ డోరుకు యాలాడుతున్నరు," అన్నడు
చట్రం మీద బొటనేలు నడిపించుకుంట.
"ఒక్కనాడు వంగింది గాదు. రోజింత, రోజింత."

నేనేం అనలే.

మంగళవారం, శుక్రవారం. పొద్దుగాల అయిదు.
సోమనర్సమ్మ గడప దాటి వస్తది,
రక్తం కడిగించుకోను పట్నం పోవాలె.
ఎడమ చెయ్యికి బరువు పెట్టొద్దన్నరు,
సూదులు గుచ్చే చెయ్యది.
కుడి చెయ్యెత్తి డోరు అంచు పట్టుకుంటది,
ఒంట్లె ఉన్నదంత దానికిచ్చి
ఒక్క నిమిషం నిలబడ్తది.
అప్పుడు కూసుంటది.
రెండేండ్ల సంది.

జానయ్య డోరు తెరిచి, మోకాలు ఆనిచ్చి
పైచట్రాన్ని తన దిక్కు గుంజిండు,
కోపం లేకుండ, బొక్కలు కట్టేటోని లెక్క.
కొత్త రబ్బరు ఆరు వందలు.
మళ్ల నోటు పెట్టి గుంజితె ఈసారి చినిగింది.
"ఈ పది గుడ బిల్లుల కలుపుత," అన్నడు సంబురంగ.

శుక్రవారం.
డోరు పట్టుకోకు అవ్వా, అనొచ్చు.
నోరు రాలే.
డోరుకు, ఆమెకు నడుమ పోయి నిలబడ్డ.
లేచిన చెయ్యి గాల్ల కొంచెంసేపు ఎతికి
నా భుజం మీద పడ్డది.
ఇంత బరువా! ఇనుము వంగదా మరి.

చిట్యాల దాటినంక తొంభై.
అద్దం మీద ఇంకా టేపు జిగురు చారలు.
వెనక సీటు కదిలింది.
"ఏంది పిలగా, ఆగినమా?"
"లేదవ్వా, పోతనే ఉన్నం."
"మరి సప్పుడేది?"
"జానయ్య కాడున్నది," అన్న.

నవ్విందో, దగ్గిందో.
ఏదైతేంది,
ఇనపడ్డది.