గుర్రపు పళ్ళు

కార్న్‌వాల్‌లో, చెట్లన్నీ గాలికి ఒకే పక్కకి ఒరిగిన చోట
పెట్రాక్ నాన్‌కారో గేటు స్తంభానికి రాయి చీలుస్తున్నాడు.
వరసగా ఏడు బెజ్జాలు, బెజ్జానికో ఇనప మేకు.
కొడతాడు. ఆగుతాడు. చెవి ఒగ్గుతాడు.
రాయి గొంతు మారేదాకా రెండో దెబ్బ వెయ్యడు.

“తొందరపెట్టకురా, అది తొందరలో పుట్టింది కాదు”
అని వాళ్ళ నాన్న చెప్పాడు.
ఎలా పుట్టిందో మాత్రం ఆయనకీ తెలీదు.

మనవరాలు కెరెన్సాకి తెలుసు.
బోరు తవ్వేచోట ఉద్యోగం, గోళ్ళ కింద ఎప్పుడూ రాతిపిండి.
“బురద, తాతా. సముద్రం అడుగున పేరుకున్న ఒట్టి బురద.
రెండు ఖండాలు కుమ్ముకుంటే మడతపడి లోపలికి కుంగింది,
కుంగిన చోట కాగింది, కరిగింది,
కరిగి తేలికై పైకి బయల్దేరింది.”

చేరలేదు.
మైళ్ళకొద్దీ మన్ను ఇంకా నెత్తిన ఉండగానే ఆగిపోయింది.
బయటపడి ఉంటే రోజుల్లో బిగిసిపోయి
పలుకు కంటికి ఆనని ముద్దరాయి అయ్యేది.
పటికబెల్లం కట్టేవాళ్ళకి కొత్త సంగతేం కాదు:
పాకంలో దారం వేలాడేసి
ఆ గది తలుపు మూసి మరిచిపోవాలి.

ఆ చీకట్లో ముందు కాకిబంగారం పొరలు కట్టింది.
వెనకే ఫెల్డ్‌స్పార్, దర్జాగా,
మూలలు సరిచూసుకుంటూ, బొటనవేలంత.
క్వారీలో వాటిని గుర్రపు పళ్ళంటారు.
పలుగురాయిది ఆఖరి బంతి.
సందు దొరికిన చోట కూర్చుంది,
తనకో ఆకారం కావాలని అడగలేదు.

మిగిలిన వేడినీళ్ళు తగరాన్ని మోసుకుని పగుళ్ళలో దూరాయి.
పెట్రాక్ ముత్తాత ఆ పగుళ్ళ వెంటే,
టోపీకి మట్టిముద్దతో కొవ్వొత్తి అంటించుకుని,
సముద్రం కిందకి నడిచి వెళ్ళేవాడు.

ఏడో మేకు దగ్గర రాయి నోరు తెరిచింది.
కొత్త ముఖం మీద చెయ్యి పెట్టి పెట్రాక్ అన్నాడు:
“చల్లగా ఉంది.”

“ఇది చల్లనే. దీని కిందది కాదు.
మూడు మైళ్ళు దిగితే నీళ్ళు మరిగిపోతాయి.
లోపల యురేనియం నలుసులు
ఒక్కొక్కటే విరుగుతూ ఇప్పటికీ కాస్తున్నాయి.”

ముసలాయన సుత్తి కింద పెట్టాడు.
అరవై ఏళ్ళుగా అయిపోయిన వస్తువునే
చెక్కుతున్నాననుకున్నాడు.
“అయితే ఇంకా అవ్వలేదన్నమాట,” అన్నాడు,
పొయ్యి మీద కూర గురించి అన్నట్టు.

ఇంట్లో నేల కింద ఒక ఫ్యాను.
రాయి వదిలే రేడాన్‌ని బయటికి తోలడానికి
కౌన్సిల్ వాళ్ళు పెట్టించింది.
దాని రొదకి నిద్ర పట్టదని
పదకొండేళ్ళుగా తిట్టని రాత్రి లేదు.

ఆ రాత్రి తిట్టలేదు.
పక్కకి ఒత్తిగిలి
మేకు దెబ్బకీ దెబ్బకీ మధ్య విన్నట్టు
కాసేపు విన్నాడు.