దబ్బనానికి పట్టే దారం

ఆ ఏడు ప్రాణహిత రోడ్డు మీదికొచ్చి
తొమ్మిది రోజులు పోలే.
ఎర్ర బస్సు ఆలాపల్లి కాడ్నే ఆగింది,
నాగ్‌పూర్ రీళ్లు దాంట్లనే ఆగినయి.
సిరొంచల నా మిషిన్ మీద
ఒంటి చెయ్యి కుట్టిన జాకెట్టు
నన్ను చూసుకుంట కూసుంది.

ఇరవై రెండేండ్లు దారంతోటే బతికిన.
పండ్లతోటి తెంపిన, నాలికతోటి తడిపి
సూది కన్నుల తోసిన.
అది ఎట్ల పుడ్తదో ఒక్కనాడు అడగలే.

కురుమ వాడల మల్కుబాయి
అరుగు మీద కదురు తిప్పుకుంట కనవడ్డది.
"దారం గావాలె" అన్న.
"అమ్మేది కాదు. కూసో."

ఇంట్ల పత్తి అంటే దిండులదే.
కుట్టు ఇప్పి రెండు గుప్పెండ్లు గుంజుకొచ్చిన,
మా ఆయన తలనూనె వాసన, రెండు గింజలు దాంట్లనే.
ఆమె చిన్న ఇల్లుతోటి కొట్టింది. పత్తి పొగలెక్క లేసింది.
పుల్లకు చుట్టి, పుల్ల గుంజి
ఏకు నా చేతిల వెట్టింది.

తిప్పిన. గుంజిన. తెగింది.
తిప్పిన. మెల్లగ గుంజిన. తెగింది.
"పత్తిది పొట్టి పోగు" అన్నది మల్కుబాయి,
"ముందుగాల పురి ఎక్కనియ్యి, ఎన్కకెల్లి నీ ఆత్రం."
పొద్దుగూకే యాళ్లకు
నా మూరెడు నూలు ఒక కాడ ఎంటికంత,
ఇంకో కాడ శెనగ పురుగంత.
మర్రోజు అది సుత తెగింది, ఉత్తగనే,
నేను చూస్తాంటె.

గొర్రె బొచ్చు అట్ల కాదు.
జిడ్డు జిడ్డుగ, నల్లగ, నడుమల పల్లేరు ముండ్లు,
ఎండిన పెంటిక ఒకటి.
ఎంత గుంజినా ఒకదాని రెక్క ఒకటి పట్టుకొని
సాగుకుంట వొచ్చింది, తెగలే.
నా చెయ్యి కుదిరిందని సంబురపడ్డ.
"నీ గొప్ప కాదు పొల్లా, గొర్రె గొప్ప."

జనుము నార ముచ్చట చెప్ప.
కావాలంటే అరచేతులు చూడుండ్రి.

ఆరో నాడు దసలి కాయలు తీసింది.
చిన్నప్పటి సంది పట్టు సాలలల్ల కూలికి పోయినదట.
బూడిద నీళ్లల్ల ఉడకవెడితే
ఇల్లంత చాపల బజారు.
అయిదు కాయల కొసలు ఏలితోటి ఎతికి పట్టి
చీర మోకాలి మీదికి జరిపి
తొడ మీద అరచెయ్యి ఒక్క తీరుగ నడిపింది.
ఆడ చర్మం నున్నగ, రంగు లేక,
ఏండ్లకేండ్లు నూరిన రాయి లెక్క.
నేను దర్వాజ దిక్కు చూసిన.
"ఎవ్వలు రారు, జరుపు" అన్నది.
జరిపిన. మంట. నాలుగు గీతలు ఎర్రగ తేలినయి.
"ఈ పట్టు ఎప్పుడన్న కట్టినవా అవ్వా?"
ఇంకో కాయ చేతిల వెట్టింది.

ఆ కాయకు తూటున్నది.
రెక్కలొచ్చినంక పురుగు ఎల్లిపోయిన తొవ్వ.
ఖరాబైందని పక్కకు ఏసిన.
"పారెయ్యకు. దీనికి తీగ రాదు, అన్ని తెగిన పోగులే.
పత్తి లెక్క పీకు, వడుకు."
పీకిన. చారెడు దిండు పత్తి కలిపిన,
పోగు నిలుస్తదని ఇంత బొచ్చు.
గడ్డలు గడ్డలుగ, ఏ పేరూ లేని రంగుతోటి
కదురు మీదికి ఎక్కింది.
ఊపిరి బిగవట్టుకున్న.
తెగలే.

పదో నాడు పొద్దుగాల హారన్ ఇనవడ్డది.
రీళ్లొచ్చినయి, ఎరుపు, పసుపు, నెమలి రంగు,
ఒక్క గడ్డ లేదు ఏ దాంట్ల.
జాకెట్టుకు రెండో చెయ్యి కుట్టి ఇచ్చేసిన.

నా నూలు మిషిన్ సూదిల పట్టలే.
చేతి సూదిల పట్టలే, నాలికతోటి ఎంత తడిపినా.
మల్కుబాయి నవ్వి, గొంగడి కుట్టే దబ్బనం
కొంగుల నుంచి తీసిచ్చింది.

దిండు మూతి దానితోటే మూసిన.
రాత్రి మా ఆయన తల వెట్టి, లేసి,
ఏలుతోటి ఆ గడ్డలు తడిమి
"టైలర్ ఇంట్ల ఇదెవ్వలు కుట్టిండ్రే?" అన్నడు.