రెండున్నర సెకన్ల చేను

రేణిగుంట నుంచి హైదరాబాదుకి
గంటా పది నిమిషాలని బోర్డు మీద ఉంటుంది.
ట్రాలీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి తోసుకుపోతుంటే
గుండుకి గంధం పూసుకున్న పిల్లోడు
"ఎంత దూరం నాన్నా" అని అడిగాడు.
"గంట" అన్నాడు వాళ్ల నాన్న,
సెల్లులోంచి తల ఎత్తకుండా.

దూరం అడిగితే కాలం చెప్పడం
ఎప్పుడు అలవాటైందో మనకి.

మా నాయన కూడా అంతేలే.
కరకంబాడి ఎంత దూరమంటే రెండు బీడీలు.
ఏర్పేడు, ఎద్దులు కుదురుగా ఉంటే ఒక పూట,
కర్రెద్దు మొండికేస్తే ఒక పగలు.
మా శెనక్కాయ చేను
ఈ గెనిమ నుంచి ఆ గెనిమకి ఒక సాలు.
మడక తిప్పుకుని వచ్చేసరికి
అమ్మ తెచ్చిన సంగటి ఇంకా వెచ్చగానే ఉండేది.

ఆ చేను ఇప్పుడు రన్‌వే కింద ఉంది.
సరిగ్గా చెప్పాలంటే
అంచు దీపాలు తెలుపు పోయి పసుపయ్యే చోట.
టవర్లో పనిచేసే సెల్వరాజు సార్‌ని ఒకసారి అడిగితే
టీ కప్పు అట్ట మీద లెక్కేసి చెప్పాడు:
"పైకి లేచే ముందుండే వేగానికి, దేశమ్మా,
మీ చేను రెండున్నర సెకన్లు."

ఇంటికిపోయి నాయనకి చెప్పాను.
చేతిలో చెంబు కింద పెట్టి
"రెండున్నరంటే ఎంత" అన్నాడు.
చిటిక వేశాను. ఇంకోటి వేశాను.
మూడోది వేళ్ల మధ్యలోనే ఆపాను.
ఆయన నా వేళ్లవైపే చూస్తా ఉండిపోయాడు.
చాలాసేపటికి అడిగాడు:
"తుంగ పోయిందా?"

తుంగ.
ఎన్ని ఇరువాళ్లు దున్నినా,
గడ్డలేరి బండ మీద ఎండేసినా
పది రోజులకి మళ్లీ తల ఎత్తేది.
పరిహారం చెక్కు తీసుకున్న రోజు
తాసిల్దారుకి ఆయన చెప్పింది అదొక్కటేనంట:
తుంగ ఉంది సార్, చూసుకోండి.

మొన్న కార్తీకంలో ముసురు పట్టింది.
కొండ కనిపించలేదు, విమానం దిగలేదు.
గంటా పది నిమిషాల హైదరాబాదు
ఐదు గంటలై
ఇనుప కుర్చీల్లో కూలబడింది.
ఒకాయన కౌంటరు బల్ల గుద్దాడు.
లడ్ల సంచులు ఒళ్లో పెట్టుకుని
ఆడవాళ్లు గోడలెంట ప్లగ్గులు వెతికారు.
నేను అద్దాల మీది ఆవిరి తుడుస్తా లెక్కేశాను:
ఐదు గంటలంటే ముప్పాతిక ఎకరా.
ఎద్దులకి నీళ్లు పెట్టే టైము కూడా కలిపి.

వాన తెరిపిచ్చాక
గడ్డి కోసే వాళ్లు అంచుదాకా పోయొచ్చారు.
మల్లిక గంపలోంచి ఒక కాడ తీసి
వేళ్ల మధ్య దొర్లించి చూశాను.
దొర్లలేదు. మూడు అంచులు.
దాంతోబాటు నల్లటి గడ్డ, శెనక్కాయంత.
టిఫిను డబ్బాలో వేసి మూత బిగించాను.

డ్యూటీ దిగి షేరాటో ఎక్కేసరికి
విమానం కూడా లేచింది.
మా ఇల్లు ఆరు కిలోమీటర్లు.
గేటు పడింది.
నేను ఇంటికి చేరేలోపు
ఆ గంధం గుండ్లు అక్కడ దిగినా దిగుంటాయి.
డబ్బా ఒళ్లో పెట్టుకుని
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టాను,
యాభై ఎనిమిది.
చివరాకర్న గార్డు
పచ్చ లైటు ఊపుతా పోయాడు.