అడుగు కోవా

మందసలో మా నాన్నది కోవా బట్టీ.
పాలతో పాటు ఆయనా రోజూ కాస్త ఇగురుతాడు.
రాత్రి తొమ్మిదికి టేకాకులో
మూకుడు అడుగు గీకి తెస్తాడు,
మాడిన అంచు నాకిష్టమని.

ఆ యేడు నా ముఖమంతా మొటిమలు.
"వేడి చేసీసింది, గుడ్డు మానీ" అంది దమయంతప్ప.
"పనసతొనలు మింగితే రావేటి?" అంది ఎదురింటి సిన్నాలమ్మ.
పలాస డాక్టరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"తీపి, పాలు తగ్గించి చూడు.
కొందరికి పనిచేస్తుంది, కొందరికి లేదు.
మందు రాయడం మానకు, గిల్లకు" అంది.

పాలూ పంచదారా!
మా బియ్యం, నా ఫీజు,
నేను ముఖం చూసుకునే అద్దం కూడా
వాటితో కొన్నవే.

మూణ్ణెల్లు చోడి అంబలి.
లెక్కల నోటు వెనక పేజీలో
ఎన్ని పోయాయో, ఎన్ని లేచాయో.
గడ్డం మీద నాలుగు తగ్గాయి,
నుదురు మాట వినలేదు,
పరీక్షల వారం కొత్తవి ఆరు.
మందు గొప్పో, అంబలి గొప్పో, వయసు పొగరో
నోటుకి తెలీలేదు.

నాన్న ఏమీ అడగలేదు.
మొదటి రాత్రి విప్పని ఆకుని
చీమలు పడతాయని చెల్లికిచ్చాడు.
రెండో రాత్రీ తెచ్చాడు.
తర్వాత తేలేదు.

నిన్న బట్టీకి క్యారేజీ పట్టుకెళ్ళాను.
పొయ్యి వెలుగులో ఆయన చెంపల మీద
చిన్న చిన్న గుంటలు, ఎప్పటివో.
ఇన్నేళ్ళూ నాకు కనబడలేదు.
"నీకూ వచ్చేవా నాన్నా?"
"ఏటి?" అన్నాడు తెడ్డు ఆపకుండా.
"అలా జరుగు, అడుగంటీగల్దు."