మోచేతి కింద ఊరు

సాయంత్రం వార్తల చివర ఆయన వస్తాడు, నీలం సూటులో,
దేశం పటానికి కుడిపక్కన నిలబడతాడు.
స్కాట్లండ్‌కి మంచు, వేల్స్‌కి జల్లు,
లండన్‌కి ఎలాగూ ఎండే.
మా గ్రిమ్స్‌బీ ఉన్నచోట
ఆయన మోచెయ్యి.

పన్నెండేళ్లుగా చూస్తున్నాను.
ఆ మోచెయ్యి జరిగితే మాకేం రాసి ఉందో
ఇంతవరకూ తెలీదు.
బట్టలు ఆరెయ్యాలో వద్దో
నేనూ ఈనిడ్ ఆస్గర్బీ
కిటికీలోంచి మెడలు చాపి తేల్చుకుంటాం.

ఈనిడ్‌ది పక్కిల్లు. ఇద్దరికీ ఒకటే గోడ.
టీవీ తనది. చెవులే ఈమధ్య తన మాట వినడం లేదు,
అందుకని సబ్‌టైటిల్స్ పెట్టుకుంటుంది.
అవి మాటకన్నా ఓ గుక్క వెనకపడి వస్తాయి,
మా బస్సులాగే.
మంత్రి నవ్వి వెళ్లిపోయాక
ఎందుకు నవ్వాడో వస్తుంది.

ఏడాదికి నూట డెబ్బై నాలుగున్నర పౌండ్లు.
డెబ్బై ఐదు నిండితే కట్టక్కర్లేదు అనేవాళ్లు,
తనకి నిండేసరికి ఆ మాట మారిపోయింది.
"ఇంకాస్త ముందు పుట్టాల్సింది,
మా అమ్మదే ఆలస్యం," అంటుంది.
మూలకొట్లో వారం వారం కట్టొస్తుంది,
వచ్చి, కోటైనా విప్పకుండా అందుకుంటుంది:
మళ్లీ ఆ పాత సామాన్ల వేలమే!
మళ్లీ ఆ మొగుడూ పెళ్లాలే, ఐదు లక్షల్లో
సముద్రం కనిపించే ఇల్లు కావాలిట,
వంటిల్లు ఇరుకని పెదవి విరుపులు!
హంతకుడి పేరు చెప్పే వేళకే
వయొలిన్లు వాయించాలా వీళ్లకి?

నాకసలు టీవీయే లేదు.
అయినా ఉత్తరాలొస్తాయి, ఎర్రక్షరాలతో,
"ఇక్కడ ఉంటున్నవారికి" అని. పేరు కూడా ఉండదు.
లేదని జవాబిస్తే కొన్నాళ్లూరుకుని
ఇంకా లేదా, అని అడుగుతారు.
ఉన్నదానికైతే రశీదు చూపిస్తాను,
లేనిదానికి రశీదు ఎవరిస్తారు?

మార్చిలో ఒక మంగళవారం
చేపల ఫ్యాక్టరీ నుంచి వచ్చి
చేతుల నీచు నిమ్మచెక్కతో తోముకుంటుంటే
గోడ దడదడలాడింది.
పడిపోయిందేమో అని పరిగెత్తాను, చెప్పుల్లేకుండా.

నీలం సూటాయన సెలవు.
ఎవరో కొత్తమ్మాయి, ఎడమచేతి వాటం కాబోలు,
అటుపక్కన నిలబడింది.
ఊరు కనిపించింది.
పేరేమీ లేదు. ఒక చుక్క,
దాని మీద బూడిదరంగు మబ్బు,
మబ్బుకి రెండు చినుకులు.

ఈనిడ్ లేచి వెళ్లి తెర మీద వేలు పెట్టింది.
"ఇది రేవు. ఇది మన వీధి.
ఇదిగో, మా సిడ్నీ పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ..."
ఆ వేలి కింద
ఊరు మళ్లీ మాయం.
నేనేమీ అనలేదు.

రోజుకి నలభై ఎనిమిది పెన్నీలు,
ఆ లెక్క తనెప్పుడో వేసి పెట్టుకుంది.
"ఇవాళ్టికి చెల్లింది," అంది.

మర్నాడు మోచెయ్యి తిరిగొచ్చింది.
ఉత్తరం రాద్దామంది. తన చెయ్యి వణుకుతుంది,
కాబట్టి తిట్లు తనవి, రాత నాది.
మోచేతి నీళ్లు తాగడం అని
మా భాషలో ఒక మాటుంది, అన్నాను,
పైవాడు తాగుతుంటే వాడి చెయ్యి వెంట కారినవే
కిందవాడికి దక్కడం.
కాసేపు ఆలోచించింది.
"ఆ పైవాడి నీళ్లకి కూడా
కట్టేది మనమేగా. అదీ రాయి."

ఆరు వారాలకి జవాబు.
"మీ అభిప్రాయం మాకెంతో విలువైనది."
ఈనిడ్ కాగితం తిప్పి చూసింది,
కవరు దులిపి చూసింది.
"ఎంతో అంటే ఎంత?
పౌండ్లలో వెయ్యలేదేం?"

ఇవాళ కూడా ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు.
పెరట్లో తీగ మీద నా దుప్పటి ఉంది.
ఈనిడ్ తెర వంక చూడనైనా చూడకుండా
"తీసెయ్," అంది.
తీసేశాను.

వాన రాలేదు.
అది వేరే సంగతి.