మిగిలిన సగం డబ్బా

మానిటోవాక్‌లో తపస్కాలపు శుక్రవారం.
సరస్సు ఒడ్డున మంచు పెళ్ళలు
ఒకదాన్నొకటి ఒరుసుకునే చప్పుడు
వంటింటిదాకా వస్తోంది.

మా ఆయన లెస్టర్ ఉల్లిపాయలు కోస్తున్నాడు,
చిటికెన వేలి మందాన.
"పలచగా కోస్తే పిండి తింటాం,
మందంగా కోస్తే పచ్చిది నములుతాం" అంటూ.
రేవు పక్క బారులో పదహారేళ్ళు
వేపుడు మూకుడు ముందు నిలబడ్డ మనిషి.
ఆ మూకుడు పక్కనే
తనూ నిదానంగా వేగిపోయాడు.
ఆ కథ ఇప్పుడెందుకులే.

ఈ ఇంట్లో బీరు డబ్బా తెరుచుకుని పదకొండేళ్ళు.
లెక్క నాది కాదు,
ఆయన జేబులో ఉండే ఇత్తడి బిళ్ళది.

"బారులో చేసినట్టే చెయ్యి తాతా" అంది లాటీ.
తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ బారు
గోడ మీద ఒక ఫొటో, అంతే.
నేను సోడా సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను,
ఇవీ బుడగలే కదా అని.
"బుడగలు సరే, చేదో?" అన్నాడు.
సంఘంలో తన చెయ్యి పట్టుకుని నడిపించిన హార్లన్‌కి
నిన్ననే ఫోన్ చేశాడట,
పిండిలోకి మాత్రమే అని.
అవతల చాలాసేపు మాటే లేదట.

డబ్బా చెవి పట్టి లాగాడు.
టప్.
తర్వాత ఆ స్స్...
నా వెన్నులో పాత మెట్టొకటి కిర్రుమంది,
అర్ధరాత్రిళ్ళు ఆయన తడబడి ఎక్కిన మెట్టు.

మైదా, గుప్పెడు మొక్కజొన్న పిండి,
ఉప్పు, కాస్త ఎర్ర కారం.
చల్లటి బీరు పోస్తుంటే పిండి నురగలెత్తి
గిన్నెలోనే గుసగుసలాడింది.
లాటీ గరిట తిప్పబోతే ఆపాడు.
"ఎక్కువ తిప్పితే అలుగుతుంది.
ఉండలుంటే ఉండనీ."

చక్రాలకి ముందు పొడిపిండి చొక్కా,
ఆపైన తడి కోటు.
నూనెలో ఒక చుక్క వేసి చూశాడు.
"మునిగి, వెంటనే తేలాలి."
మునగడం తేలడం గురించి ఆయన చెప్తే
నేను ఎదురు మాట్లాడను.

వేగుతున్నాయి. ఇల్లంతా వాసన.
గట్టు మీద సగం డబ్బా మిగిలింది,
ఒళ్ళంతా చెమటతో.
ఎవరూ దానివైపు చూడలేదు,
ముగ్గురం అంత జాగ్రత్తగా.
నా చెయ్యి సింకు వైపు సగం లేచింది.
ఆ రోజుల్లో ఎన్ని సీసాలు ఒంపానో అందులో,
ఈ ఇంట్లో ఆయన్ని మించి తాగింది ఆ సింకే.
చెయ్యి దించుకున్నాను.

ఆయన డబ్బా ఎత్తాడు.
బరువు చూసుకున్నట్టు ఒకసారి ఊపాడు.
నూనె చిటపటమంటూనే ఉంది.
"లాటీ, ఇంకో రెండు ఉల్లిపాయలు తే."

మళ్ళీ మైదా, మళ్ళీ నురగ.
చివరి బొట్టు కోసం డబ్బా అడుగున
రెండుసార్లు అరచేత్తో కొట్టాడు.

ముగ్గురికి అరవై రెండు చక్రాలు!
కాగితం మీద వేస్తే చెమటపట్టి మెత్తబడతాయని
ఓవెన్ జల్లెడ పీకి దాని మీద పరిచాం.
చాలక పక్కింటి నుంచి ఇంకోటి తెచ్చాం.
ఎనిమిదింటికి హార్లన్ వచ్చాడు,
ఇటుగా వెళ్తూ ఆగానంటూ.
మా వీధి అవతల సరస్సు తప్ప ఏమీ లేదు.
ఆకలి లేదని పద్నాలుగు తిన్నాడు,
వెళ్తూ వెళ్తూ ఖాళీ డబ్బాని ఒకసారి
వెలుతురుకి పట్టి చూసి
చెత్తబుట్టలో వేశాడు.

రాత్రి ఒంటిగంటకి మెట్టు కిర్రుమంది.
పక్కన పరుపు ఖాళీ.
చెప్పుల్లేకుండా దిగి వెళ్ళాను,
గుండె చేత్తో పట్టుకుని.
ఫ్రిజ్ తలుపు తీసి, ఆ వెలుతురులో నిలబడి
చల్లారిన చక్రం కొరుకుతున్నాడు.

"మెత్తబడిపోయాయి" అన్నాడు నన్ను చూసి,
నేరం నాదైనట్టు.
నాకూ ఒకటి ఇచ్చాడు.
నిజమే, మెత్తబడ్డాయి.